గోడ మీద పెద్దల ఫొటో ఏ సిరాతో వేయిస్తే నిలబడుద్ది?



ఈసారి మిరప గురించి కాదు, పత్తి గురించీ కాదు. మన ఇళ్ళల్లో గోడ మీద ఉండే పెద్దవాళ్ళ ఫొటోల గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగు పోస్టు, తీరిక చేసుకుని చదవండి. ప్రింటర్లు, సిరాలు, కాగితాల సంగతులు ఉంటయ్యి. ఇవన్నీ మనకెందుకు అనుకోవద్దు. మనలో చాలామందికి తండ్రిదో తాతదో ఒక్కటే ఫొటో ఉంటది. అది పాడైతే మళ్ళీ తీయడానికి మనిషి లేడు.

మా నాన్న బతికుండగా తీసిన మంచి ఫొటో ఒక్కటే. నేను ఆరో తరగతిలో ఉండగా పట్టాదారు పాసుపుస్తకం కోసం టౌనుకు పోయి స్టూడియోలో దిగాడు. బ్లాక్ అండ్ వైట్. ఆ రోజు మా పెదనాన్న చొక్కా అడిగి తొడుక్కుని పోయాడు. మూడు కాపీలు ఇచ్చారు. ఒకటి పాసుపుస్తకంలో అంటించి దాని మీద సీలు కొట్టారు. ఒకటి సొసైటీ అప్పు కాగితాలతో పోయింది. మిగిలిన ఒక్కటి ఇనప్పెట్టెలో ఉంది. నలభై ఏళ్ళు దాటినా దాంట్లో నలుపు నలుపే, తెలుపు తెలుపే.

నాన్న పోయినప్పుడు దాన్నే పెద్దది చేయించి ఫ్రేము కట్టించాం. దగ్గర్లో టౌనులో ఒక షాపులో వేశారు. సెపియా కలర్లో వేస్తాం, పాతకాలం ఫొటోలాగా వస్తది అన్నారు. వేసిన రోజు గోధుమ రంగులో బాగానే ఉంది. మూడేళ్ళు తిరిగేసరికి మొహం ఆకుపచ్చకు తిరిగింది. మా అమ్మకు ఎనభై దాటినయ్యి. పొద్దున్నే లేచి ఆ ఫొటోకి దండం పెట్టుకున్నాకే కాఫీ తాగుద్ది. ఒకరోజు నన్ను పిలిచి, "ఇది మీ నాన్న మొహం కాదురా, పసరు పూసినట్టుందేంది" అన్నది.

పెట్టెలోది చిన్న ఫొటో నలభై ఏళ్ళు ఆగింది, గోడ మీది పెద్ద ఫొటో మూడేళ్ళు ఆగలేదు. ఎందుకు? ఇది తేల్చుకోవాలనిపించింది. మా మేనల్లుడు హైదరాబాదులో ఉంటాడు, వాడికి ఫొటోల పిచ్చి. వాడిని అడిగి, నేనూ చదివి, షాపుల చుట్టూ తిరిగి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నా.

ముందు సెపియా అంటే ఏంటో చెప్తా. సముద్రంలో కటిల్‌ఫిష్ అని ఒక జీవి ఉంది. బెదిరితే సిరా లాంటి నల్లటి ద్రవం చిమ్ముద్ది. దాని లాటిన్ పేరే సెపియా. పూర్వం యూరప్‌లో ఆ సిరాతో రాసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు. గోధుమ రంగు కలిసిన నలుపు అది. ఆ రంగుకి ఆ పేరే ఉండిపోయింది.

ఫొటోల్లోకి ఈ రంగు ఒక్క అందం కోసమే రాలేదు. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో నలుపంటే రంగు కాదండి, సన్నటి వెండి రేణువులు. నిజం వెండే. ఇంట్లో వెండి పట్టీలు గాలికి నల్లబడినట్టే, ఫొటోలో వెండి కూడా తేమకీ, గాలిలోని గంధకపు ఆవిర్లకీ మెల్లగా చెడుద్ది. అందుకని కొన్ని స్టూడియోల్లో ఫొటోని మందులో ముంచి వెండిని ముందే సిల్వర్ సల్ఫైడుగా మార్చేసేవాళ్ళు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చే పని. అప్పుడు నలుపు గోధుమ రంగుకు తిరిగేది. గాలి చేయాల్సిన పని ముందే అయిపోయింది కాబట్టి, ఆ తర్వాత అంత తేలిగ్గా చెడదు. దూడకి ముందే టీకా వేసినట్టు అనుకోండి.

ఇంకా వెనక్కి పోతే, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా చేసిన రాజా దీన్‌దయాళ్ ఫొటోలు మీలో కొందరు చూసే ఉంటారు. అవీ గోధుమ రంగే. ఆ కాలంలో కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, దానికి వెండి ఉప్పు పట్టించి ఫొటో దించేవాళ్ళు. ఆ పద్ధతిలో వచ్చే రంగే అది. ఆయన 1905లో పోయారు. ఫొటోలు ఇంకా ఉన్నయ్యి. పాతకాలపు గోధుమ రంగు ఆ ఫొటో దేంతో తయారైందో దాన్నుంచి వచ్చిన రంగు. పైన పూసింది కాదు.

ఇప్పుడు షాపులో వేసే సెపియా వేరు.

మన టౌన్లలో ఎక్కువగా ఉండేది ఇంకు ట్యాంకు ప్రింటర్లు. వాటిలో నీలం, ఎరుపు, పసుపు, నలుపు సిరాలు ఉంటయ్యి. కంప్యూటర్లో సెపియా అని నొక్కితే ఈ రంగుల్ని సన్నటి చుక్కలుగా పక్కపక్కన వేసి మన కంటికి గోధుమ రంగులాగా కనపడేట్టు చేస్తది. అక్కడ గోధుమ రంగు సిరా అనేది లేనే లేదు. మూడు రంగులూ సమానంగా నిలబడినంత కాలం బాగుంటది. ఒకటి ముందు పోయిందా, మిగతా రెండూ బయటపడతయ్యి. ఎరుపు పోతే ఆకుపచ్చకు తిరుగుద్ది. నీలం పోతే నారింజకు తిరుగుద్ది. అరకకు కట్టిన జోడెడ్లలో ఒకటి అలిసిపోతే సాలు వంకర పోయినట్టే.

రంగుల ఫొటోలో ఈ తేడా ఒక పట్టాన తెలియదు. చీర రంగు, చెట్టు రంగు తలా కాస్త మారినా కన్ను సరిపెట్టుకుంటది. బ్లాక్ అండ్ వైట్లో, సెపియాలో అట్లా కాదు. బొమ్మంతా ఒకటే రంగు కాబట్టి ఇసుమంత మారినా మొహం నిండా కనపడుద్ది. కాబట్టి రంగుల ఫొటో కంటే బ్లాక్ అండ్ వైట్ ఫొటో ప్రింటు వేయడమే కష్టం. ఈ మాట చాలా షాపుల్లో ఒప్పుకోరు.

ఇక సిరాల్లో రకాలు. ఇది మనకి తేలిగ్గా అర్థమవుద్ది. డై సిరా, పిగ్మెంట్ సిరా అని రెండు రకాలు. యూరియా నీళ్ళలో వేస్తే పూర్తిగా కరిగిపోద్ది కదా, డై సిరా అట్లాంటిది. మాంకోజెబ్ పొడి కరగదు, నీళ్ళలో కలుస్తది, కాసేపు ఆగితే అడుగున పేరుకుంటది. పిగ్మెంట్ సిరా అట్లాంటిది. దాంట్లో రంగు సన్నటి రేణువులుగా ఉంటది.

కరిగిన రంగులో ప్రతి కణమూ వెలుతురుకీ గాలికీ దొరికిపోద్ది. రేణువులో అయితే పైపొర దెబ్బ తిన్నా లోపల రంగు ఉంటది. అందుకే పిగ్మెంట్ ఎక్కువ కాలం నిలబడుద్ది. మిరప కల్లం తెలిసిన మనకి వెలుతురు రంగుని ఏం చేస్తదో వేరే చెప్పాలా? కాయ ఎండలో రోజులు ఎక్కువైతే రంగు దిగిపోద్ది, యార్డులో రేటు పడిపోద్ది. అదే కాయ కోల్డ్ స్టోరేజీలో పెడితే ఎర్రగానే ఉంటది.

ఎండ ఒక్కటే కాదు, గాలి కూడా తింటది. 2000 సంవత్సరంలో ఎప్సన్ స్టైలస్ ఫొటో 870, 1270 ప్రింటర్లు వచ్చిన కొత్తల్లో, ఒక రకం గ్లాసీ కాగితం మీద వేసిన ఫొటోలు కొందరి ఇళ్ళల్లో కొద్ది కాలానికే నారింజ రంగుకు తిరిగినయ్యి. గాలిలో ఉండే ఓజోన్ నీలం సిరాని తినేసిందని తర్వాత తేలింది. అద్దం లేకుండా గోడకి అంటించిన ఫొటో తొందరగా పోయేది ఇందుకే.

పిగ్మెంట్ సిరాకి ఒక ఇబ్బంది ఉంది. ప్రింటరు వాడకుండా నెలలు పక్కన పెడితే నాజిల్స్ పూడుకుపోతయ్యి. స్ప్రేయర్ కడగకుండా పెడితే ఏమవుద్దో అదే. ఫొటోలు రోజూ వేసే షాపుకే అది సరిపోద్ది. ఏడాదికి నాలుగు ఫొటోల కోసం మనం ఇంట్లో కొనుక్కునే యంత్రం కాదు.

ప్రింటర్ల పేర్లు కూడా చెప్తా, షాపులో బల్ల మీద ఏముందో చూసుకోవచ్చు. ఎప్సన్ ఎల్805లో ఆరు సిరాలు ఉంటయ్యి, అన్నీ డై రకమే. ఆరు అంటే లేత నీలం, లేత ఎరుపు అదనం. రంగుల ఫొటోకి మంచిదే. కానీ బూడిద రంగు సిరా ఉండదు, బ్లాక్ అండ్ వైట్లో లేత నీడలన్నీ రంగులు కలిపే తయారు చేయాలి. ఎప్సన్ ఎల్8180లో, కెనాన్ జి570లో బూడిద రంగు సిరా విడిగా ఉంటది. నీడలు కొంత దానితోనే వేస్తయ్యి కాబట్టి రంగు తిరగడం తగ్గుద్ది. ఫొటో కాగితం మీద వేసే సిరాలు మాత్రం వీటిలోనూ డై రకమే.

పై మెట్టులో ఎప్సన్ ష్యూర్‌కలర్ పి700, పి900 ఉన్నయ్యి. అన్నీ పిగ్మెంట్ సిరాలే. నలుపు, బూడిద, లేత బూడిద అని నలుపే మూడు మెట్లుగా ఉంటది. వీటిలో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ అనే పద్ధతి ఉంది. అది పెడితే బొమ్మ చాలావరకు నలుపు, బూడిద సిరాలతోనే వేసి, రంగు సిరాలు చిటికెడే వాడుద్ది. న్యూట్రల్, కూల్, వార్మ్, సెపియా అని నాలుగు ఛాయలు ఉంటయ్యి. ఇవి మన చిన్న టౌను షాపుల్లో దొరకవు. హైదరాబాదు, బెంగళూరు లాంటి చోట ఫైన్ ఆర్ట్ ప్రింటింగ్ చేసేవాళ్ళ దగ్గర ఇట్లాంటివి ఉంటయ్యి. ఫైలు పంపితే వేసి కొరియర్ చేసేవాళ్ళూ ఉన్నారు.

ఇంకో మెట్టు ఉంది. అది తెలుసుకున్నప్పుడు నాకు భలే ముచ్చటేసింది. అమెరికాలో జాన్ కోన్ అనే ఆయన పీజోగ్రఫీ అని సిరాలు తయారు చేశాడు. ప్రింటర్లోంచి రంగు సిరాలన్నీ తీసేసి, ఆ గదుల్లో ముదురు నుంచి లేత దాకా రకరకాల నలుపులు నింపుతారు. వాటిలో సెపియా ఛాయ ఉన్న సెట్టు కూడా ఉంది. దాని మూలం కార్బన్. కార్బన్ అంటే ఏంటి? మసి. మన కాటుక. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టే మసే. కాటుకని వేలితో కాగితం మీద పలచగా రుద్ది చూడండి, గోధుమ ఛాయ కనపడుద్ది. సన్నటి మసికి ఆ ఛాయ దానంతట అదే వస్తది, ఎవరూ కలపక్కర్లేదు.

మసి వెలుతురుకి రంగు పోదు. మన పెద్దవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తాళపత్రం మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి రుద్దేవాళ్ళు. వందల ఏళ్ళ నాటి తాళపత్రాలు ఈరోజుకీ చదవగలుగుతున్నాం. ఆకుని పురుగు కొట్టుద్ది, ఆకు విరుగుద్ది, మసి మాత్రం మసిగానే ఉంటది. ఇంకు అమ్మే కంపెనీలు ఇప్పుడు ఆర్కైవల్ అని పెద్ద పేరు పెట్టి చెప్పే గుణం మన మసిబుడ్డిలో ఉన్నదే.

ఇదే లెక్కన జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటు తీసే నల్ల టోనర్లో కూడా మామూలుగా నలుపు కార్బన్‌దే. ఫొటో అంత నున్నగా రాదు, నీడలు గరుకుగా ఉంటయ్యి. కానీ పది రూపాయల్లో ఒక కాపీ తీసి దస్తావేజులతో పాటు పెట్టుకోవడానికి పనికొస్తది.

కాగితం సంగతి. సిరా ఎంత మంచిదైనా కాగితం చెడ్డదైతే తాలు విత్తనం తెచ్చి మంచి నేలలో వేసినట్టే. మరీ తెల్లగా, నీలంగా మెరిసే కాగితాల్లో బట్టలకి నీలం పెట్టినట్టు తెలుపు మందు కలుపుతారు. కొన్నేళ్ళకి ఆ మందు పని ఆగిపోయి కాగితం పసుపుకు తిరుగుద్ది. సెపియా ఛాయకి అసలే నీలం తెలుపు నప్పదు. ఆ మందు లేని, పాలమీగడ ఛాయ కాగితం మంచిది. అన్నిటికంటే గట్టిది నూరు శాతం పత్తితో చేసింది. 1584 నుంచి కాగితం చేస్తున్న జర్మనీ కంపెనీ హానెమ్యూలె వాళ్ళు ఇట్లాంటివి అమ్ముతారు. మనం పండించే పత్తే ఎక్కడో కాగితమై మన నాన్నల మొహాలు మోస్తదంటే సంతోషమేగా.

ఇన్ని విన్నా నాకు నమ్మకం కుదరలేదు. కొత్త విత్తనం వస్తే ముందు నాలుగు సాళ్ళు వేసి చూస్తాం కదా, ఇదీ అట్లాగే చూశా. నాన్న ఫొటోనే లేత గోధుమ ఛాయలో నాలుగు చోట్ల చిన్న ప్రింట్లు వేయించా. ఒకటి ట్యాంకు ప్రింటర్లో లూజుగా అమ్మే సిరాతో. ఒకటి అట్లాంటి ప్రింటర్లోనే కంపెనీ సిరా, మంచి ఫొటో కాగితంతో. ఒకటి పెళ్ళి ఆల్బములు వేసే డిజిటల్ ల్యాబులో. ఒకటి మేనల్లుడి చేత హైదరాబాదులో పిగ్మెంట్ ప్రింటర్లో పత్తి కాగితం మీద. నాలుగింటికీ సగం సగం అట్టముక్క కప్పి, పడమటి ఎండ పడే వరండా కిటికీలో పెట్టా. సంక్రాంతికి పెట్టి, కాయ అమ్ముకుని వచ్చాక మే నెలాఖరున తీసి చూశా.

లూజు సిరాది అట్ట తీయగానే గీత గీసినట్టు తెలిసింది, ఎండ తగిలిన సగం ఆకుపచ్చ. కంపెనీ సిరాది కొంచెం పాలిపోయింది, పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తది. ల్యాబుది, పిగ్మెంటుది నా కంటికి తేడా కనపడలేదు. కాకపోతే ల్యాబు ప్రింటు ట్యూబులైటు కింద ఒక ఛాయ, ఆరుబయట ఇంకో ఛాయ కొట్టింది. పిగ్మెంటుది రెండుచోట్లా దాదాపు ఒకేలా ఉంది. ఒక్క పొలంలో ఒక్క కారు చూసి రకాన్ని మెచ్చుకోకూడదని మీకు తెలుసు, నాకూ తెలుసు. కానీ నా ఇంటి గోడకి ఈ ట్రయల్ చాలు.

ఛాయ ఎంత ఉండాలనేది అమ్మకే వదిలేశా. మూడు ప్రింట్లు ముందు పెట్టా. ఉత్త నలుపుది చూసి "చల్లగా ఉందిరా" అన్నది. పూర్తి సెపియాది చూసి "తుప్పు పట్టినట్టుంది" అన్నది. మూడోది వార్మ్, నలుపులో గోధుమ ఉందా లేదా అన్నట్టు ఉంటది. దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "చొక్కా మీ పెదనాన్నది" అన్నది. అదే ఖాయం చేశాం. అన్నదమ్ములకీ చెల్లికీ తలా ఒకటి వేయించాం. ఒక్కో ప్రింటుకి పడింది ఒక పురుగుమందు డబ్బా ఖరీదు.

మీరు వేయించాలనుకుంటే ఇవి చూసుకోండి:

1. పాత ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు. పైపొర ఊడి మొహం అద్దానికే పోద్ది. అద్దంతోనే స్కాన్ చేయించండి.

2. ఫోనుతో ఫొటో తీసి ఇవ్వొద్దు. పాస్‌పోర్టు సైజు 35 బై 45 మిల్లీమీటర్లదైతే 1200 డీపీఐలో స్కాన్ చేయించండి. అడ్డంగా 1650 చుక్కలు వస్తయ్యి. 6 అంగుళాల వెడల్పుకి వేస్తే అంగుళానికి 275 చుక్కలు. చక్కగా వస్తది. అంతకంటే పెద్దది అడిగితే మొహం అలుక్కుపోద్ది.

3. నున్నగా చేయొద్దని, తెల్లగా చేయొద్దని, కోటు తొడగొద్దని ముందే చెప్పండి. గీతలు, మరకలు తీస్తే చాలు. నాన్న నుదుటి మీద ముడతలు ఎండలో పని చేసి వచ్చినయ్యి, వాటిని తీసే హక్కు షాపు కంప్యూటరుకి లేదు.

4. సిరా డైనా, పిగ్మెంటా అని అడగండి. కంపెనీదా, లూజుదా అని అడగండి. పిగ్మెంట్ అందుబాటులో లేకపోతే లూజు సిరా ప్రింటు కంటే ఆల్బము ల్యాబు ప్రింటు నయం.

5. తీసుకునే ముందు ట్యూబులైటు కింద ఒకసారి, బయట నీడలో ఒకసారి చూడండి. రెండుచోట్లా మొహం ఒకేలా ఉండాలి.

6. ఫ్రేములో అద్దానికీ ఫొటోకీ మధ్య అట్ట అంచు పెట్టించండి, తగలకూడదు. ఎండ పడే గోడ, చెమ్మ గోడ వద్దు. అగరొత్తులు ఫొటో కిందనే గుచ్చొద్దు, కొంచెం ఎడంగా పెట్టండి.

7. అసలు ఫొటో పారేయొద్దు. కాగితం కవరులో పెట్టి పెట్టెలో దాయండి. స్కాన్ ఫైలు రెండు చోట్ల ఉంచండి.

పొలం హద్దు రాళ్ళు జరగకుండా చూసుకుంటాం, దస్తావేజులకి బీరువా కొంటాం. ఆ పొలం చేసిన మనిషి మొహానికి మాత్రం ఏ సిరా దొరికితే ఆ సిరా పూయిస్తున్నాం. మన మనవళ్ళకి మన నాన్నలు ఎట్లా ఉండేవాళ్ళో చెప్పేది ఆ ఒక్క కాగితమే. పండక్కి సున్నం వేసేటప్పుడు గోడ మీది ఫొటోలు ఎటూ దించుతారు. దించినప్పుడు వెనక్కి తిప్పి, వెలుతురులోకి తెచ్చి ఒక్కసారి చూడండి. రంగు తిరగడం మొదలైందంటే అసలు ఫొటో ఎక్కడుందో ఆ రోజే వెతకండి.

ఉంటాను.